సహించేది లేదు అనగలిగేది ఎవరు?

(చెన్నై టి.నగర్‌లో తెలుగు మిత్రుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఫ్యాను గాలి అందని చోట కూర్చున్నవాళ్లకి ఇంకో నమస్కారం. ఇవాళ్టి విషయం ఓర్పు కాబట్టి, దీని గురించి నాకంటే మీకే ఎక్కువ అధికారం ఉంది.

విషయం ఏమిటో కార్డులో చూసే ఉంటారు. కల్పిత భాషల్లో సహనానికీ ఓర్పుకీ ఉన్న మాటలు. కల్పిత భాష అంటే ఎవరో ఒక మనిషి కూర్చుని, ధ్వనులు ఎంచుకుని, వ్యాకరణం రాసుకుని, మాటలు పుట్టించి తయారు చేసిన భాష. మనవాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ చెప్పాలంటే కిలికి. బాహుబలి సినిమాలో కాలకేయులు అరుస్తూ మాట్లాడారు కదా, అది. తయారు చేసింది మదన్ కార్కీ, ఈ ఊరివారే. అందులో 'మిన్' అంటే నేను, 'నిమ్' అంటే నువ్వు. తిరగేస్తే సరిపోతుంది. తమాషాగా ఉంది కదా? కానీ యుద్ధానికి వచ్చినవాళ్ల భాషని ఓర్పు గురించి అడగడం అన్యాయం. దాన్ని వదిలేద్దాం. నేను ఇవాళ మాట్లాడబోయేవి మూడు: ఎస్పెరాంతో, లాదన్, తోకి పోనా. ఎక్కువ సేపు ఎస్పెరాంతో దగ్గరే ఉంటాను. నాకు కాస్త చదవడం వచ్చినది అదే.

ఐతే ముందు మన తెలుగు సంగతి చూసి బయల్దేరదాం. సహించడం, భరించడం, ఓర్చుకోవడం, తట్టుకోవడం, తాళడం. నిఘంటువు తీస్తే వీటిలో ఒకదాని అర్థం చెప్పడానికి ఇంకోదాన్ని వాడతారు. సహించు అంటే ఓర్చు. ఓర్చు అంటే తాళు. తాళు అంటే సహించు. గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం. కానీ మనం మాట్లాడేటప్పుడు అలా కలిపేస్తామా? ఒక్కసారి ఆలోచించండి. పేపర్లో మంత్రిగారు ఏమంటారు? 'అవినీతిని సహించేది లేదు.' హెడ్మాస్టరుగారు ఏమంటారు? 'క్రమశిక్షణ తప్పితే సహించను.' అదే మంత్రిగారి దగ్గరికి అర్జీ పట్టుకుని వెళ్లిన మనిషి ఏమంటాడు? 'భరించలేకపోతున్నామయ్యా.' అవునా కాదా? మంత్రి 'సహించను' అంటాడు. మనిషి 'భరించలేను' అంటాడు. వీళ్లిద్దరూ మాటలు మార్చుకుని చూడండి. మంత్రిగారు మైకు ముందు 'అవినీతిని భరించలేకపోతున్నాను' అంటే జాలిపడి మంచినీళ్లు ఇస్తాం. అర్జీ పట్టుకున్నవాడు 'నేను సహించేది లేదు' అంటే బయట ఉన్న కానిస్టేబుల్ లోపలికి వస్తాడు.

కాబట్టి సహించను అనేది అధికారం ఉన్నవాడి మాట. అడ్డు చెప్పగలిగీ చెప్పకుండా ఉండటం సహించడం. అడ్డు చెప్పే దారి లేక మోయడం భరించడం. 'ఈ మే నెల ఎండని నేను సహించను' అని ఎవరైనా అంటారా? సూర్యుడికి మెమో ఇచ్చినట్టు ఉంటుంది. తట్టుకోలేను అంటాం. మళ్లీ జ్వరం వచ్చినవాడికి 'అన్నం సయించడం లేదు' అంటాం. అక్కడ సహించాల్సింది మనిషి కాదు, అన్నమే. ఎంత బావుందో చూడండి ఆ వాడుక.

మరి ఇన్ని ఛాయలు మన నోట్లో ఉండగా కల్పిత భాషల దాకా ఎందుకు పోవడం? ఇది న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఏమిటంటే, పుట్టిన భాషలో ఈ తేడాలు మనకి కనపడవు. వాడేస్తాం, అంతే. భాషని తయారు చేసేవాడికి ఆ సుఖం లేదు. ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది ఎవరి ఓర్పు, ఎందుకు ఓర్చుకుంటున్నాడు, కాదనే వీలుందా లేదా అని తేల్చుకోవాలి. తేల్చుకున్నది కాగితం మీద పెట్టాలి. అందుకే ఆ కాగితాలు చదవడం నాకు ఇష్టం.

ఎస్పెరాంతో సంగతికి వద్దాం. 1887లో వార్సాలో లూడ్విక్ జామెన్‌హోఫ్ అనే కంటి డాక్టరు ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. 16 వ్యాకరణ నియమాలు, సుమారు 900 ధాతువులు. తన పేరు పెట్టుకోలేదు, 'డాక్టర్ ఎస్పెరాంతో' అని పెట్టుకున్నాడు. అంటే ఆశపడుతున్న డాక్టరు. ఆ మారుపేరే తర్వాత భాష పేరైంది. ఆయన పుట్టింది 1859లో బియావిస్తోక్‌లో. ఇప్పుడు పోలండ్‌లో ఉంది, అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. ఊళ్లో రష్యన్లు, పోలండ్‌వాళ్లు, జర్మన్లు, యూదులు. నాలుగు భాషలు, ఒకరంటే ఒకరికి పడదు. ఈయన యూదుల ఇంట్లో పుట్టాడు. ఆ సామ్రాజ్యంలో యూదులు ఎక్కడ పడితే అక్కడ కాపురం ఉండటానికి వీల్లేదు. అంటే సహనం అనే మాట ఈయన పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. రోజూ వీధిలో ఎదురయ్యేది. 1906లో ఆ ఊళ్లోనే యూదుల మీద మారణకాండ జరిగింది. ఆ ఏడాది జెనీవాలో జరిగిన ఎస్పెరాంతో మహాసభలో ఆయన లేచి దాని గురించి మాట్లాడాడు. భాషావేత్తల సభలో ఇలాంటివి ఎందుకు అని ముఖం చిట్లించినవాళ్లు ఉండే ఉంటారు. ఎప్పుడూ ఉంటారు.

ఇప్పుడు ఆయన భాషలో మాటలు. తొలేరి అంటే సహించు. ఎల్‌పోర్తి అంటే భరించు: పోర్తి అంటే మోయడం, ఎల్ అంటే బయటికి, చివరికంటా. మోసుకుని బయటపడటం. ఎల్‌తేని అంటే తట్టుకుని నిలబడు: తేని అంటే పట్టుకోవడం, పట్టు వదలకుండా చివరికంటా పట్టుకోవడం. సుఫేరి అంటే బాధపడు, ఊరికే బాధ, అందులో గొప్పతనం ఏమీ లేదు. త్రవీవి అంటే దాని గుండా బతికి అవతలికి రావడం. వాడుకలో తొలేరి, ఎల్‌పోర్తి కొంత కలిసిపోతాయి. మనుషులు మాట్లాడటం మొదలెడితే ఏ భాషలోనైనా కలిసిపోతాయి. కానీ మాట కట్టిన తీరు చూడండి. బరువు ఒకటి, పట్టు ఒకటి. బరువు మోసేవాడికి దాన్ని దించే చోటు కావాలి. పట్టు పట్టినవాడు ఏ క్షణమైనా వదిలేయచ్చు, వదలడు.

ఈ రెండోదానికి ఉదాహరణ నేను పోలండ్ నుంచి తేనక్కర్లేదు. ఇక్కడినుంచి ఆటో ఎక్కితే మైలాపూరు. బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 దాకా, 58 రోజులు, పొట్టి శ్రీరాములుగారు అక్కడే నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలారు. దాన్ని ఏమనాలి? బాధపడ్డారు అందామా? నిజమే, శరీరం బాధపడింది. భరించారు అందామా? ఏదో అర్థం తక్కువగా ఉంది. ఎందుకంటే ఆ 58 రోజుల్లో ప్రతిరోజూ ఆయన ముందు తలుపు తెరిచే ఉంది. ఒక గ్లాసు నిమ్మరసం తాగితే అయిపోయేది. అది ఎల్‌తేని. వదిలే వీలుండి వదలకపోవడం. అదే సమయంలో ఈ ఊళ్లో పని దొరక్క పస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లదీ ఖాళీ కడుపే. కానీ వాళ్ల ముందు తలుపు లేదు. అది సుఫేరి. రెండు కడుపులూ ఖాళీయే, మాట ఒకటి కాదు. తెలుగులో మనం రెండింటినీ 'పస్తులు' అనేస్తాం అని మీరు అనచ్చు. అనం. ఒకదాన్ని దీక్ష అంటాం. చూశారా, మళ్లీ మనకి తేడా తెలుసు. కానీ ఎప్పుడు తెలుసు? ఆగి చూస్తే తెలుసు.

ఎస్పెరాంతో అసలు బలం ఈ ధాతువుల్లో లేదు, వాటి తోకల్లో ఉంది. కాస్త జాగ్రత్తగా వినండి, ఇక్కడ నిద్ర వచ్చే ప్రమాదం ఉంది. తొలేరికి మూడు తోకలు తగిలిస్తాను. తొలెరేబ్లా: సహించగలిగినది, సహించడం సాధ్యమైనది. తొలెరిందా: సహించడానికి తగినది, సహిస్తే సహించినందుకు అర్థం ఉన్నది. తొలెరెందా: సహించి తీరవలసినది. సాధ్యం, యోగ్యం, తప్పనిసరి. మూడూ మూడు వేరు సంగతులు.

ఇంట్లో చంటిపిల్లాడు రాత్రి మూడింటికి ఏడుస్తాడు. ఓర్చుకోవడం సాధ్యమా? కష్టం మీద సాధ్యం. యోగ్యమా? నూటికి నూరుపాళ్లు. తప్పనిసరా? తప్పనిసరే, మూడూ ఒకచోట కలిశాయి, గొడవ లేదు. ఇప్పుడు ఆఫీసులో ఒకాయన. పక్కవాడి కులం పేరు పెట్టి నవ్వుతూ ఒక మాట అంటాడు. రోజూ అంటాడు. పక్కవాడు దాన్ని సహించగలడా? సహించగలడు. ఏళ్ల తరబడి సహిస్తూనే ఉన్నాడు కదా, సాధ్యమేనని రుజువైపోయింది. మరి అది సహించడానికి తగినదా? కాదు. తొలెరేబ్లా, కానీ తొలెరిందా కాదు. సహించగలం కాబట్టి సహించదగినది అనుకోవడం దగ్గర ఎంతమంది జీవితాలు ఇరుక్కుపోయాయో ఆలోచించండి. 'ఇన్నాళ్లు ఊరుకున్నావు కదా, ఇప్పుడేమొచ్చింది' అంటారు చూడండి. ఆ వాక్యం పని చేసేది సరిగ్గా అక్కడే. సాధ్యాన్ని చూపించి యోగ్యం అనిపించడం.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఈ మూడు తోకలూ తెలుగులో ఉన్నాయి. ఉన్నాయండీ! భరించగల, భరించదగ్గ, భరించవలసిన. గల, తగ్గ, వలసిన. ఇంకేం కావాలి? కానీ లేదు అని చెప్పాల్సి వచ్చేసరికి మనం ఏం చేస్తాం? 'రాని' అనే ఒక్క ముక్కని తగిలిస్తాం. భరించరాని నొప్పి. క్షమించరాని నేరం. భరించరాని నొప్పి అంటే భరించడం చేతకానిది. క్షమించరాని నేరం అంటే క్షమించడం చేతకాక కాదు, క్షమించకూడదు కాబట్టి. ఒకే 'రాని', ఒకచోట చేతకానితనం, ఇంకోచోట నిషేధం. అందుకే 'ఇది సహించరానిది' అని ఎవరైనా అన్నప్పుడు ఆయన ఏడుస్తున్నాడో హెచ్చరిస్తున్నాడో మనం ముఖం చూసి తెలుసుకోవాలి. ఎస్పెరాంతోలో ముఖం చూడక్కర్లేదు, తోక చూస్తే చాలు. మాటల్లో ముఖం చూసే అవసరం ఉండటమే అందం అని మా ఇంట్లో వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదనా నాకు ఇష్టమే.

ఇంకొక తోక. ఇది చిన్నదే కానీ నన్ను చాలా కాలం వెంటాడింది. తొలెరాంతో అంటే సహిస్తున్నవాడు. ఎస్పెరాంతో అంటే ఆశపడుతున్నవాడు అన్నాను కదా, అదే తోక. దానికి జోడీ తొలెరాతో. ఒక్క ధ్వని తేడా. దానికి అర్థం: ఎవరినైతే సహిస్తున్నారో ఆ మనిషి. తెలుగులో చెప్పమంటే 'సహించబడుతున్నవాడు' అనాలి, అలా మాట్లాడితే పాఠ్యపుస్తకం మాట్లాడినట్టు ఉంటుంది. అందుకే మనం ఆ మనిషి గురించి మాట్లాడం. సహనం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నాం? పరమత సహనం, మన దేశం సహనశీలి, మనం అందరినీ సహిస్తాం. బాగుంది. ఎవరిని సహిస్తున్నామో ఆయనకి ఎలా ఉంటుంది అని అడిగామా?

1598లో ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ నాంట్ శాసనం ఇచ్చాడు. ప్రొటెస్టెంట్లు వాళ్ల మతం ప్రకారం కొన్ని హద్దుల్లో ఉండచ్చు అని. చరిత్ర పుస్తకాల్లో సహనానికి గొప్ప ఉదాహరణ. 1685లో అతని మనవడు పద్నాలుగో లూయీ దాన్ని రద్దు చేశాడు. వేలూ లక్షల్లో జనం దేశం వదిలిపోయారు. అంటే 87 ఏళ్ల పాటు వాళ్లు తొలెరాతోలు. మూడు తరాలు పుట్టాయి, పెళ్లిళ్లయ్యాయి, వ్యాపారాలు పెరిగాయి, కానీ అంతా ఒకరి దయ మీద. ఇచ్చినవాడు తీసేసుకోగలడు. హక్కుకీ సహనానికీ తేడా అక్కడుంది. హక్కు ఉన్నవాడిని ఎవరూ సహించక్కర్లేదు.

మనం ఈ ఊళ్లో ఏమిటి? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు ఈ హాల్లో సగంమంది. 'మద్రాసు మనదే' అన్న రోజుల కథలు ఇంట్లో విన్నవాళ్లు ఉన్నారు. ఐటీ ఉద్యోగానికి వచ్చి ఓఎంఆర్, అదే పాత మహాబలిపురం రోడ్డు, మీద అద్దెకి ఉంటున్నవాళ్లు ఉన్నారు. ఇంటి ఓనరు తమిళంలో 'పరవాయిల్లె', పర్వాలేదు, అంటే మన మొహం ఎందుకు వెలిగిపోతుంది? మన హక్కు గుర్తించాడనా, మనల్ని సహించాడనా? నాకైతే ఇద్దరు ఓనర్లు గుర్తొస్తారు, ఇద్దరికీ ఇద్దరు రకాల 'పరవాయిల్లె'. ఇంతకంటే చెప్పను.

తమిళం మాట వచ్చింది కాబట్టి కల్పిత భాషల మీద ఒక ఫిర్యాదు కూడా చేస్తాను. తమిళంలో ఓర్పుని పొరుమై అంటారు. అసూయని పొరామై అంటారు. రోజూ వింటున్న మాటలే కదా, పక్కపక్కన పెట్టి చూశారా? పొరుమై ఓర్చుకోవడం, పొరామై ఓర్చుకోకపోవడం. ఏం ఓర్చుకోకపోవడం? ఎదుటివాడి మంచి. తెలుగులో ఏమంటాం? ఓర్వలేనితనం! 'వాడి ఎదుగుదల చూసి ఓర్వలేకపోతున్నారు.' రెండు భాషలూ ఒకే మాట చెబుతున్నాయి. మనిషికి ఓర్చుకోవడం కష్టమైన వాటిలో ఎండ, ఆకలి, నొప్పి అన్నీ ఉన్నాయి, కానీ 'ఓర్వలేనివాడు' అని విడిగా అన్నప్పుడు మాత్రం ఒకటే అర్థం: పక్కవాడి సుఖం ఓర్వలేనివాడు. ఇది జామెన్‌హోఫ్‌కి తట్టలేదు. ఆయన అసూయకి వేరే ధాతువు యూరప్ భాషల నుంచి తెచ్చుకున్నాడు, ఎన్వీయో అని. ఓర్పుకీ దానికీ చుట్టరికం లేదు. ఒక మనిషి టేబుల్ దగ్గర కూర్చుని ఇది కనిపెట్టడం కష్టం. వేల ఏళ్లు జనం ఇరుగుపొరుగు ఇళ్లల్లో కాపురాలు చేస్తే పుడుతుంది.

ఓపిక కూడా అంతే. 'నాకంత ఓపిక లేదు' అంటే సహనం లేదనా, ఒంట్లో బలం లేదనా? రెండూ. మా పెద్దమ్మ చివరి రోజుల్లో 'ఓపిక లేదురా' అనేది. ఏది లేదో విడదీసి అడగడం మూర్ఖత్వం. ఎస్పెరాంతోలో ఓర్పుకి పాత్సియెంత్సో అనే మాట ఉంది, బలానికి ఫోర్తో ఉంది. వేరు వేరు. పెద్దమ్మ వాక్యం ఆ భాషలోకి వెళ్లదు.

ఇప్పుడు లాదన్. 1982లో అమెరికాలో సుజెట్ హేడెన్ ఎల్గిన్ మొదలుపెట్టిన భాష. ఆవిడ భాషాశాస్త్రం పాఠాలు చెప్పిన మనిషి, సైన్స్ ఫిక్షన్ రచయిత్రి. ఆవిడ ప్రశ్న ఏమిటంటే, ఉన్న భాషల్లో ఆడవాళ్ల అనుభవాలకి సరిపడా మాటలు ఉన్నాయా? లేకపోతే పుట్టిద్దాం. ఇందులో నాకు నచ్చిన మాటలు మూడు చెబుతాను. దీదిన్ అంటే పండగ, సెలవు రోజు. ముందు 'ర' పెడితే కాదు అని. రదీదిన్: పేరుకి పండగ, కానీ పనితో, ఏర్పాట్లతో, సాయం చెయ్యని చుట్టాలతో అది ఒక భారం, వస్తోందంటేనే గుండె గుభేలుమంటుంది. ఆడవాళ్లు నవ్వుతున్నారు, మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అనువాదం అక్కర్లేదని అర్థమైంది. రెండోది విదజద్. నెలలు నిండి, ఎప్పుడెప్పుడు అయిపోతుందా అని ఎదురుచూసే గర్భిణి స్థితి. ఇదీ ఓర్పే, కానీ అవతల గట్టు కనపడే ఓర్పు.

మూడోది జంట మాట. మిమె అంటే అడగడం. రమిమె అంటే మర్యాద కొద్దీ, దయ కొద్దీ అడగకుండా ఉండటం. దానికే చివర ఇంకో ధ్వని చేరిస్తే, రమిమెల్హ్: ఎదుటి మనిషి అడగమని తహతహలాడుతోందని తెలిసి కూడా, కావాలనే, చెడుబుద్ధితో అడగకుండా ఉండటం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మనిషి మౌనంగా ఉన్నాడు, అంతే. 'మా ఆయన చాలా ఓర్పు మనిషండీ, నన్ను ఒక్క మాట అడగడు' అంటుంది ఒకావిడ. ఏ అడగకపోవడం అది? రమిమెనా, రమిమెల్హ్‌నా? కోపానికి కూడా ఆవిడ ఇలాగే చేసింది. కారణం ఉందా లేదా, తప్పు పట్టడానికి మనిషి ఉన్నాడా లేదా, కోప్పడి లాభం ఉందా లేదా, ఈ లెక్కన కోపాన్ని విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టింది. మనం కోపాన్ని సాధారణంగా ఎలా కొలుస్తాం? ఎక్కువ, తక్కువ. చిరాకు, కోపం, ఆగ్రహం, మెట్లు ఎక్కినట్టు. ఓర్పునీ అంతే. కొంచెం ఓర్పు, చాలా ఓర్పు, భూదేవంత ఓర్పు. ఎంత అని అడుగుతాం. ఎల్గిన్ 'ఎంత' అని అడగలేదు, 'ఎందుకు, ఎవరి వల్ల' అని అడిగింది. భూదేవంత ఓర్పు అని మనం ఎవరిని అంటామో గమనించారా? ఎప్పుడైనా ఒక మేనేజరుని అన్నామా?

పదేళ్లు చూద్దాం, ఆడవాళ్లు ఈ భాషని అందుకుంటారేమో, కాకపోతే ఇంతకంటే మంచిది వాళ్లే చేసుకుంటారేమో అనుకుంది ఆవిడ. రెండూ జరగలేదు. అదే కాలంలో సినిమా కోసం పుట్టిన క్లింగన్ భాష మాత్రం బాగా వ్యాపించింది. యుద్ధవీరుల భాష. ఆవిడే ఆ తేడా ఎత్తి చూపింది.

తోకి పోనా గురించి క్లుప్తంగా చెబుతాను, ఆ భాష స్వభావమే క్లుప్తం. 2001లో కెనడాకి చెందిన సోనియా లాంగ్ బయటపెట్టారు. మొత్తం 120 మాటలకి కాస్త అటూఇటూ. అందులో మన విషయం అంతటికీ ఒకటే మాట: అవెన్. ఉండిపోవడం, ఆగడం, ఎదురుచూడటం, ఓర్చుకోవడం, కాపాడుకోవడం, అన్నీ అవెన్. నేను ఇప్పటిదాకా విడదీసిందంతా ఈవిడ మూట కట్టేసింది. మొదట నాకు విసుగనిపించింది. తర్వాత మన 'ఓర్చినమ్మకు తేటనీరు' గుర్తొచ్చింది. చెలమ దగ్గర ఆగినావిడకి తేటనీరు దొరుకుతుంది. ఆవిడ చేస్తున్నదేమిటి? ఆగుతోంది, ఎదురుచూస్తోంది, ఓర్చుకుంటోంది, నీళ్లు బురద కాకుండా కాపాడుతోంది. అవెన్.

అయినా నా ఓటు విడదీసేవాళ్లకే. ఎందుకో ఒక్క మాటతో చెబుతాను. మళ్లీ ఎస్పెరాంతో తోక, ఇదే ఆఖరు. తొలెరీగి. 'ఇగ్' అంటే చేయించడం. సహింపజేయడం. తెలుగులో ఆ మాట కూర్చలేం అని కాదు, ఎవరూ అనరు. కానీ ఆ పని చేసేవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. పెళ్లైన ఆర్నెల్లకి అమ్మాయి పుట్టింటికొచ్చి ఏదో చెబుతుంది. 'సర్దుకుపోవాలమ్మా' అంటారు. ఎవరు? బాధపెట్టినవాడు కాదు. బాధపడ్డ అమ్మాయీ కాదు. మూడో మనిషి. అమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు, ఎదురింటి పెద్దాయన కావచ్చు. ఎండలో నిలబడింది ఒకరు, గొడుగు అక్కర్లేదని చెప్పేది ఇంకొకరు. ఓర్పు గురించి మన సామెతలూ కథలూ అన్నీ ఇద్దరి గురించే మాట్లాడతాయి, పెట్టేవాడు, పడేవాడు. ఈ మూడోవాళ్లు లెక్కలోకి రారు, పైగా వాళ్లకి మంచివాళ్లన్న పేరు. 'పడ్డవాళ్లు ఎప్పుడూ చెడ్డవాళ్లు కారు' అని ఓదారుస్తారు. సరే, పడ్డవాళ్లు చెడ్డవాళ్లు కారు. పడమని చెప్పినవాళ్లో? వాళ్లకి తెలుగులో ఒక పేరు పెట్టమని నేను మిమ్మల్ని అడుగుతున్నాను. నేను కొన్ని అనుకున్నాను, ఒక్కటీ నాలుక మీద నిలవలేదు. చీటీ మీద రాసి ఇవ్వండి.

ప్రశ్నలు అడగచ్చంటున్నారు. చెప్పండమ్మా.

ఆవిడ అడుగుతున్నది ఏమిటంటే, ఇన్ని ఛాయలు పిల్లలకి నేర్పితే ఇక ఎవరూ దేన్నీ ఓర్చుకోరేమో, ఇళ్లు నిలుస్తాయా అని. నాకు అలా అనిపించదండీ. చంటిపిల్లాడి ఉదాహరణ చెప్పాను. అది తగినదని తెలిసినవాళ్లు ఇంకా హాయిగా ఓర్చుకుంటారు. గొణుగుడు తగ్గుతుంది. మీకు ఒప్పుదల కాలేదని మీ ముఖం చెబుతోంది. పర్వాలేదు, కాఫీ దగ్గర మాట్లాడుకుందాం.

వెనక బాబు అడుగుతున్నాడు, ఈ భాషలు నిజంగా ఎవరైనా మాట్లాడతారా అని. ఎస్పెరాంతో మాట్లాడతారు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో అమ్మానాన్నల దగ్గర నేర్చుకున్న పిల్లలున్నారు, వాళ్లకి దెనాస్కూలో అని పేరు కూడా ఉంది. వికీపీడియాలో 3 లక్షలకి పైగా వ్యాసాలున్నాయి. అంత తేలిగ్గా ఏమీ రాలేదు. 1937, 38లో స్టాలిన్ ప్రభుత్వం ఎస్పెరాంతో వాళ్లని పట్టుకుని జైళ్లకి, శిబిరాలకి పంపింది, కాల్చి చంపింది. నాజీలు జామెన్‌హోఫ్ కొడుకు ఆడమ్‌ని 1940లో కాల్చేశారు, కూతుళ్లు జోఫియా, లిడియా 1942లో ట్రెబ్లింకా మరణ శిబిరంలో చనిపోయారు. ఆయన ముగ్గురు పిల్లలూ పోయారు. మనవడు ఒకాయన బతికి ఫ్రాన్స్ చేరి ఇంజినీరు అయ్యాడు, ముసలితనంలో కూడా ఎస్పెరాంతో సభలకి వస్తుండేవాడు.

లేదు బాబూ, ఉద్యోగానికి పనికిరాదు. నేర్చుకోవడానికి ఎంత కాలం పడుతుందంటావా? తెలుగు విభక్తులు వచ్చినవాడికి తోకలు అంటించడం కొత్తేమీ కాదు, చదవడం త్వరగానే వచ్చేస్తుంది. మాట్లాడాలంటే జోడీ కావాలి. నీ ఫోన్ నంబరు అక్కడ రిజిస్టర్లో రాసి వెళ్లు. ఇంకెవరైనా ఉన్నారా?